కార్డు గీసిన తర్వాత డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది?

అందరికీ నమస్కారం.

మర్చంట్ అకౌంట్, అంటే కార్డు చెల్లింపులు తీసుకోవడానికి కావలసిన ఖాతా, కోసం తిరిగేటప్పుడు చిన్న వ్యాపారులు మొట్టమొదట అడిగేది "పర్సెంటేజీ ఎంత?" అని. ఆ ఖాతా అమ్మే ప్రొవైడర్లకీ ఆ సంగతి తెలుసు. అందుకే ఆ అంకె కరపత్రం మీద పెద్దగా ఉంటుంది, మిగతాదంతా అగ్రిమెంటులో చిన్న అక్షరాల్లోకి పోతుంది. ఈ పూట ఆ చిన్న అక్షరాల గురించే ఎక్కువ మాట్లాడతాను. రేటు లెక్క కట్టే పద్ధతి కూడా చెబుతాను, అది అవసరమే. కానీ అర శాతం ఎక్కువ కట్టినందుకు ఏ దుకాణమూ రాత్రికి రాత్రి ఇబ్బందిలో పడదు. మూడు వారాల అమ్మకం డబ్బు ఒక్కసారిగా ఆగిపోతే మాత్రం సరుకు తెచ్చేందుకు చేతిలో పైసా ఉండదు. మీ డబ్బును తాను ఎప్పుడు, ఏ కారణంతో, ఎంతకాలం ఆపగలడో సంతకానికి ముందే కాగితం మీద చూపించేవాణ్నే నేను నమ్మదగిన ప్రొవైడర్ అంటాను.

అసలు మన డబ్బు వాళ్లు ఎందుకు ఆపుతారు? ముందు ఇది అర్థం చేసుకోవాలి.

కస్టమరు కార్డు పెట్టగానే మెషిన్ 'అప్రూవ్డ్' అని చూపిస్తుంది. ఆ క్షణంలో డబ్బేమీ మీ దగ్గరికి రాలేదు. కార్డు ఇచ్చిన బ్యాంకు ఆ మొత్తాన్ని పక్కన పెట్టి, ఇస్తానని మాట ఇచ్చింది, అంతే. రోజు చివర బ్యాచ్, అంటే ఆ రోజు లావాదేవీలన్నిటి కట్ట, క్లోజ్ అయ్యాక వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ ద్వారా లెక్కలు తేలతాయి. మీ తరఫు బ్యాంకు, అంటే అక్వైరర్, చాలాచోట్ల ఒకటి రెండు పనిదినాల్లో మీ ఖాతాలో వేస్తుంది. కానీ ఆ లావాదేవీ మీద అభ్యంతరం చెప్పడానికి కస్టమరుకి సాధారణంగా 120 రోజులు ఉంటాయి. సరుకు గానీ సేవ గానీ తర్వాత ఇస్తామని ముందే డబ్బు తీసుకుంటే, ఆ 120 రోజులు ఇవ్వాల్సిన తేదీ నుంచి మొదలవుతాయి. వీసా నిబంధనల్లో దీనికి పై హద్దు లావాదేవీ నుంచి 540 రోజులు.

ఇప్పుడు అక్వైరర్ స్థానంలో కూర్చుని చూడండి. మీకు రెండు రోజుల్లో డబ్బు ఇచ్చేశాడు. మీరు మూడో నెలలో వ్యాపారం మూసేశారు. కస్టమర్లు మాకు సరుకు రాలేదన్నారు. ఆ సొమ్ము ఎవరు కట్టాలి? మీ దగ్గర లేకపోతే అక్వైరరే కట్టాలి. పేరుకు అకౌంట్ అంటున్నాం గానీ, అతని లెక్కలో ఇది మీకిచ్చిన అప్పు లాంటిది. అప్పిచ్చేవాడు ఎలా ఆలోచిస్తాడో అలాగే ఆలోచిస్తాడు: ఈ మనిషి ఏం అమ్ముతాడు, ఎన్నాళ్లకు డెలివరీ ఇస్తాడు, ఒక్కో బిల్లు ఎంత, నిన్నటిదాకా ఎంత అమ్మాడు, ఈరోజు ఎందుకు హఠాత్తుగా పెరిగింది. ఈ దృష్టితో చదివితే అగ్రిమెంటులో సగం క్లాజులు వాటంతటవే అర్థమవుతాయి.

ఇక మీ ముందుకు వచ్చే మనుషులు. నేరుగా అక్వైరింగ్ బ్యాంకు కావచ్చు. ఆ బ్యాంకు తరఫున అమ్మిపెట్టే ఏజెంట్ సంస్థ కావచ్చు. లేదా వేలాది వ్యాపారులను తన ఒక్క పెద్ద ఖాతా కింద చేర్చుకునే అగ్రిగేటర్ కావచ్చు. ఏజెంటుతో మాట్లాడుతున్నప్పుడు "మీ వెనక ఉన్న అక్వైరింగ్ బ్యాంకు ఏది?" అని అడగండి. సూటిగా పేరు చెప్పాలి, అగ్రిమెంటులో ఆ పేరు కనపడాలి. నసిగితే అక్కడితో లేచి వచ్చేయండి, ఇందులో మొహమాటం పనికిరాదు.

అగ్రిగేటర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చిన్నవాళ్లలో చాలామంది అక్కడే మొదలుపెడతారు. గంటలో ఖాతా తెరుచుకుంటుంది, నెలవారీ చార్జీ చాలాసార్లు ఉండదు, రేటు ఒక్కటే. బాగానే ఉంటుంది. అయితే బ్యాంకు రెండు వారాలు కాగితాలు అడిగి చేసే పరిశీలనను గంటలో ఖాతా ఇచ్చినవాడు మానేయలేదు, వాయిదా వేశాడు. ఆ పరిశీలన ఎప్పుడు జరుగుతుంది? మీ అమ్మకం పెరిగిన రోజున. మామూలు బిల్లుకు పదింతల బిల్లు పడిన రోజున. సరిగ్గా మీకు డబ్బు ఎక్కువ అవసరమైన సమయంలో "మీ ఖాతా సమీక్షలో ఉంది" అని మెయిల్ వస్తుంది. ఇందులో మోసమేమీ లేదు, ఆ వ్యాపార పద్ధతే అది. తెలిసి దిగితే ఇబ్బంది లేదు. పెద్ద ఆఫర్ పెట్టబోతున్నారనుకోండి, రెండు మూడు వారాల ముందే రాతపూర్వకంగా తెలియజేయండి: ఏ తేదీల్లో, ఎంత అమ్మకం అనుకుంటున్నాం, సరుకు కొన్న ఇన్‌వాయిస్‌లు ఇవిగో, డెలివరీ ఇన్ని రోజుల్లో. ఆ మెయిల్ ఫైల్లో ఉంటే సమీక్ష రెండు రోజుల్లో ముగిసే అవకాశం ఉంటుంది, లేకపోతే వారాలు సాగుతుంది.

దరఖాస్తులో మీరు రాసే మూడు అంకెలు కూడా ఇందుకే ముఖ్యం. నెలవారీ అమ్మకం, సగటు బిల్లు, అతి పెద్ద బిల్లు. త్వరగా ఓకే అవుతుందని ఏజెంటు వాటిని తగ్గించి రాయమంటాడు. రాయకండి. మీరు దాటిన ప్రతిసారీ వాళ్ల కంప్యూటర్ జెండా ఎత్తేది ఆ అంకెల దగ్గరే. అలాగే మీ వ్యాపారానికి ఇచ్చే నాలుగంకెల కేటగిరీ కోడ్ ఏదో అడిగి తెలుసుకోండి. మీరు అమ్మేది ఒకటీ కోడ్ ఇంకొకటీ అయితే, తప్పు ఏజెంటుదే అయినా ఖాతా ఆగేది మీదే.

ఇప్పుడు రిజర్వ్. నన్నడిగితే అగ్రిమెంటులో ముందు తెరవాల్సిన పేజీ ఇదే.

రోలింగ్ రిజర్వ్ అంటే ప్రతి సెటిల్‌మెంట్ నుంచి, అంటే మీ ఖాతాలో వేయాల్సిన అమ్మకం సొమ్ము నుంచి, కొంత శాతం పట్టుకుని, కొన్నాళ్ల తర్వాత వరసగా వదలడం. 10 శాతం, 180 రోజులు అనేది తరచుగా కనిపించే షరతు. వినడానికి పది శాతమే కదా అనిపిస్తుంది. లెక్క కడదాం. మీ కరెన్సీ ఏదైనా సరే, నెలకు 10,000 అమ్మకం అనుకోండి. నెలకు 1,000 ఆగుతుంది. ఆరు నెలలు గడిచేసరికి 6,000 వాళ్ల దగ్గర ఉంటుంది. ఏడో నెల నుంచి పాత వెయ్యి వస్తుంది, కొత్త వెయ్యి పోతుంది. అంటే వ్యాపారం నడిచినంతకాలం ఆ 6,000 మీ చేతికి రాదు. మీ లాభం 15 శాతం అయితే మొదటి ఆరు నెలలూ మీ చేతికొచ్చే మిగులు నెలకు 1,500 కాదు, 500. దాంట్లోంచే అద్దె, జీతాలు. చాలామంది అమ్మకాలు బాగున్నా నగదు ఎందుకు లేదో అర్థంకాక సతమతమయ్యేది ఇక్కడే.

రిజర్వ్ పెట్టడం తప్పని నేను అనను. ముందే డబ్బు తీసుకుని మూడు నెలలకు సరుకిచ్చే వ్యాపారానికి అది న్యాయమే. మీరు చూడాల్సింది దాని చుట్టూ ఉన్న మాటలు. "ప్రొవైడర్ తన విచక్షణ మేరకు ఎప్పుడైనా, ఎంతైనా, ఎంతకాలమైనా నిలిపి ఉంచవచ్చు" అని ఉంటే దానికి హద్దు లేదన్నమాట. హద్దు రాయించండి. గరిష్ఠ శాతం ఎంత, గరిష్ఠ కాలం ఎంత, ఏ సంఘటన జరిగితే మొదలవుతుంది, ఎన్ని రోజుల ముందు చెబుతారు, చార్జ్‌బ్యాక్‌లు, అంటే కస్టమరు అభ్యంతరం చెప్పడంతో మీ దగ్గర్నుంచి వెనక్కి పోయే చెల్లింపులు, ఎన్ని నెలలు తక్కువగా ఉంటే తగ్గిస్తారు. ఖాతా మూసేశాక ఎప్పుడు తిరిగి ఇస్తారన్నది విడిగా అడగండి, చాలా అగ్రిమెంట్లలో ఆ లెక్క మూసిన రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.

ఇంకో సంగతి, ఆ నిలిపిన డబ్బు ఎవరి పేరున, ఎక్కడ ఉంటుంది? 2020 జూన్‌లో జర్మనీ పేమెంట్స్ సంస్థ వైర్‌కార్డ్ లెక్కల్లో 190 కోట్ల యూరోలు కనిపించలేదు, ఆ నెల 25న అది దివాలా పిటిషన్ వేసింది. అప్పటికి అది ఆ దేశపు ప్రధాన షేర్ సూచీ డాక్స్‌లో ఉన్న కంపెనీ. పేరు పెద్దదైతే చాలదని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను. వ్యాపారుల సొమ్ము ప్రొవైడర్ సొంత సొమ్ముతో కలవకుండా వేరే ఖాతాలో ఉంటుందా, ప్రొవైడర్ మునిగితే దాని మీద మొదటి హక్కు ఎవరిది, ఈ రెండూ రాతపూర్వకంగా అడగండి. లైసెన్స్ ఉందో లేదో మీ దేశపు నియంత్రణ సంస్థ వెబ్‌సైటులో మీరే వెతికి చూడండి. వాళ్లు పంపిన సర్టిఫికెట్ ఫొటోతో సరిపెట్టుకోకండి.

రేటు దగ్గరికి వద్దాం. మీరు కట్టే చార్జీలో మూడు పొరలు ఉంటాయి. కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్లే ఇంటర్‌చేంజ్ ఒకటి, నెట్‌వర్క్ ఫీజు రెండోది, మీ ప్రొవైడర్ వేసుకునే మార్జిన్ మూడోది. మొదటి రెండూ ప్రొవైడర్ చేతిలో లేవు. బేరం ఆడగలిగేది మూడోదాని మీదే. ఇంటర్‌చేంజ్ ప్లస్ అనే పద్ధతిలో ఈ మూడూ విడివిడిగా బిల్లులో కనిపిస్తాయి, అందుకే నాకు ఆ పద్ధతి ఇష్టం. ఫ్లాట్ రేటులో కలిసిపోతాయి, కానీ అంకె ఒక్కటే కాబట్టి లెక్క సులువు. మూడో పద్ధతి, కార్డులను 'క్వాలిఫైడ్', 'నాన్ క్వాలిఫైడ్' అని శ్రేణులుగా విడగొట్టేది. కరపత్రంలో క్వాలిఫైడ్ రేటు చూపిస్తారు. ఏ కార్డు ఏ శ్రేణిలోకి వస్తుందో నిర్ణయించేది వాళ్లే. రివార్డు కార్డులు, ఆన్‌లైన్ చెల్లింపులు ఎక్కువ భాగం ఖరీదైన శ్రేణిలోకే పోతాయి. దీన్ని తీసుకోవద్దనే చెబుతాను.

ఇద్దరు ప్రొవైడర్లను పోల్చాలంటే చేయాల్సిన భాగహారం ఒకటే. నెలలో కట్టిన మొత్తం చార్జీలను మొత్తం అమ్మకంతో భాగించి వందతో గుణించండి. ఒకరు 1.5 శాతం, లావాదేవీకి 0.30, నెలకు 50 అంటున్నారు. ఇంకొకరు ఉత్త 2.4 శాతం అంటున్నారు. మీ అమ్మకం 10,000, బిల్లు సగటున 50, అంటే 200 లావాదేవీలు. మొదటివాడికి శాతం కింద 150, లావాదేవీల చార్జీ 60, నెల చార్జీ 50, కలిపి 260. అంటే 2.6 శాతం. రెండోవాడికి 240. కరపత్రంలో చవకగా కనిపించినవాడే ఖరీదు. అమ్మకం 30,000 అయితే తారుమారవుతుంది, మొదటివాడికి 680, రెండోవాడికి 720. సుమారు 16,700 దగ్గర ఇద్దరూ సమానం. ఇక బిల్లు సగటున 10 మాత్రమే అయితే, ఆ 0.30 ఒక్కటే 3 శాతం తింటుంది. చిన్న బిల్లుల వ్యాపారం చేసేవాళ్లు శాతాన్ని వదిలేసి ముందు ఆ స్థిర చార్జీ చూడాలి.

పోల్చేటప్పుడు నమూనా స్టేట్‌మెంట్ అడగండి. పేర్లు తీసేసి అయినా సరే, మీలాంటి వ్యాపారిది ఒక నెల బిల్లు. అందులో కనీస నెలవారీ చార్జీ, స్టేట్‌మెంట్ ఫీజు, బ్యాచ్ ఫీజు, గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులను చేరవేసే వ్యవస్థ) ఫీజు, పీసీఐ (కార్డు వివరాల భద్రతా ప్రమాణం) ఫీజు అన్నీ బయటపడతాయి. రీఫండ్ ఇస్తే మొదట కట్టిన చార్జీ మీకు వెనక్కి రాని చోట్లు చాలా ఉన్నాయి, అదీ అడగండి. సెటిల్‌మెంటులో రోజూ చార్జీ కోసుకుని ఇస్తారా, పూర్తి మొత్తం ఇచ్చి నెలాఖరున ఒకేసారి తీసుకుంటారా? రెండో పద్ధతిలో మీ అమ్మకం లెక్కా బ్యాంకు లెక్కా రోజూ సరిపోతాయి, అకౌంటెంటుకి పని తగ్గుతుంది.

కాలవ్యవధి సంగతి. మూడేళ్ల అగ్రిమెంటు, చెప్పకపోతే మరో ఏడాది దానంతటదే పొడిగింపు, మానుకోవాలంటే ఫలానా తేదీల మధ్య లేఖ ఇవ్వాలి. ఇలా ఉంటే ఆ తేదీని సంతకం పెట్టిన రోజే క్యాలెండరులో రాసుకోండి. మధ్యలో వెళ్లిపోతే కట్టాల్సిన మొత్తం ఒక స్థిరమైన అంకెగా ఉంటే భరించవచ్చు. "మిగిలిన నెలల అంచనా ఆదాయం మొత్తం" అని ఉంటే సంతకం పెట్టకండి. మెషిన్ లీజు ఇంకా జాగ్రత్త. అది చాలాసార్లు వేరే కంపెనీతో వేరే అగ్రిమెంటు, మూడు నాలుగేళ్లు, రద్దు కుదరదు. మీరు ప్రొవైడర్‌ని వదిలేసినా మెషిన్ అద్దె నడుస్తూనే ఉంటుంది. మెషిన్ కొనుక్కోండి, లేదా నెలకు నెల అద్దెకు తీసుకోండి. కొంటే, ఇంకో ప్రొవైడర్ దానిలో తన సాఫ్ట్‌వేర్ వేయగలడో లేదో ముందే అడగండి. చాలా మెషిన్లు ఒకరికే తాళం వేసి ఉంటాయి.

కంపెనీ పేరున తీసుకుంటున్నా చివరి పేజీలో వ్యక్తిగత హామీ ఉంటుంది. దాని మీద సంతకం పెడితే కంపెనీ మూతపడినా బాకీ మీ ఇంటిదాకా వస్తుంది. తీసేయమని అడగండి. ఒప్పుకోకపోతే కనీసం ఒక మొత్తానికి పరిమితం చేయమనండి.

చార్జ్‌బ్యాక్‌ల గురించి చెప్పకుండా ముగించలేను. ప్రతి చార్జ్‌బ్యాక్‌కీ అమ్మకం సొమ్ము పోవడమే కాక విడిగా ఫీజు ఉంటుంది, మీరు గెలిచినా ఆ ఫీజు తిరిగి ఇవ్వని ప్రొవైడర్లు ఉన్నారు. జవాబివ్వడానికి గడువు మీ దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు రెండు వారాలు కూడా మిగలదు. నోటీసు ఎలా వస్తుంది, మెయిలా, పోర్టల్లో మాత్రమేనా? పోర్టల్లో మాత్రమే పెట్టి ఊరుకునేవాడి దగ్గర గడువులు దాటిపోతాయి. మాస్టర్‌కార్డ్ నిబంధన ఒకటి గుర్తుపెట్టుకోండి: ఒక నెలలో 100కు తగ్గకుండా చార్జ్‌బ్యాక్‌లు వచ్చి, అవి అంతకుముందు నెల లావాదేవీల్లో 1.5 శాతానికి చేరితే ఆ వ్యాపారి మితిమీరినవారి జాబితాలోకి వస్తాడు. ప్రొవైడర్లు అంతదాకా ఆగరు, 1 శాతం దగ్గరే కంగారుపడతారు.

అది ముదిరి ఖాతా రద్దయితే అసలు దెబ్బ ఇంకొకటి. మాస్టర్‌కార్డ్ నడిపే మ్యాచ్ అనే జాబితా ఉంది. తీవ్రమైన కారణాలతో తొలగించిన వ్యాపారుల పేర్లు అక్వైరర్లు అందులో పెడతారు. ఆ పేరు 5 ఏళ్లు ఉంటుంది, కొత్త దరఖాస్తు వచ్చినప్పుడు మిగతా అక్వైరర్లు దాన్నే చూస్తారు. పొరపాటున పెట్టినా, తీయాల్సింది పెట్టిన అక్వైరరే. అందుకే "రద్దు చేసేముందు సరిదిద్దుకునే గడువు ఎన్ని రోజులిస్తారు?" అన్న ప్రశ్న రేటు కంటే విలువైనది.

చార్జ్‌బ్యాక్‌లు రావడానికి ఒక చిన్న కారణం, చాలామంది పట్టించుకోనిది: కస్టమరు స్టేట్‌మెంటులో కనిపించే పేరు. అక్కడ దుకాణం పేరు కాకుండా మీ రిజిస్టర్డ్ కంపెనీ పేరు కనిపిస్తే, "ఇదెవరో నాకు తెలీదు" అని కస్టమరు బ్యాంకుకి ఫోన్ చేస్తాడు. ఖాతా మొదలైన రోజే మీ సొంత కార్డుతో చిన్న కొనుగోలు చేసి స్టేట్‌మెంటులో ఎలా వచ్చిందో చూసుకోండి. ఆన్‌లైన్ అమ్మకాలకు త్రీ-డీ సెక్యూర్, అంటే కొనేది కార్డుదారేనని ఓటీపీ లాంటి వాటితో బ్యాంకు నిర్ధారించుకునే పద్ధతి, పెట్టిస్తే, ధ్రువీకరణ జరిగిన లావాదేవీ మీద "కార్డు నేను వాడలేదు" అనే వివాదం భారం సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకు మీదికి వెళ్తుంది. "సరుకు రాలేదు" అనే వివాదానికి మాత్రం అది కవచం కాదు.

భద్రత గురించి క్లుప్తంగా. కార్డు వివరాలు మీ కంప్యూటర్ తాకకుండా నేరుగా ప్రొవైడర్ పేజీలోకే వెళ్లే ఏర్పాటు తీసుకోండి. అప్పుడు పీసీఐ డీఎస్ఎస్ కింద మీరు నింపాల్సిన ప్రశ్నావళి చిన్నదైపోతుంది. ప్రొవైడర్ తాజా పీసీఐ ధ్రువపత్రం అడగండి, అది ఏటా కొత్తది రావాలి. కార్డు వెనక ఉండే మూడంకెల సంఖ్యను మాత్రం కాగితం మీద కూడా రాసి ఉంచుకోకూడదు.

ఇక ప్రశ్నలు తీసుకుందాం.

(సభలోంచి: ఏజెంటు నోటితో అన్నీ ఒప్పుకుంటున్నాడండీ, కాగితంలో మాత్రం మార్చలేమంటున్నాడు. ఏం చేయాలి?)

అతను ఒప్పుకున్నవన్నీ మీరే ఒక మెయిల్లో రాసి, "ఇవి అగ్రిమెంటుకు అనుబంధంగా ఉంటాయని ధ్రువీకరించండి" అని అతనికీ అక్వైరింగ్ బ్యాంకుకీ కలిపి పంపండి. ఊరికే మెయిల్ సరిపోదు, సంతకం చేసిన అనుబంధంగా రావాలి. అగ్రిమెంటులో "ఇందులో లేని మాటలేవీ చెల్లవు" అనే క్లాజు దాదాపు ఎప్పుడూ ఉంటుంది. జవాబు రాకపోతే ఆ మాటలకు విలువ లేదన్నమాట.

(సభలోంచి: సపోర్ట్ ఎలా ఉంటుందో చేరకముందే తెలుసుకునే దారి ఉందా అండీ?)

ఉందమ్మా. సెలవు రోజు సాయంత్రం, కొత్త కస్టమర్ల నంబరుకి కాకుండా ఉన్న వ్యాపారుల సపోర్ట్ నంబరుకి ఫోన్ చేయండి. మనిషి ఎత్తడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. తర్వాత మెయిల్లో ఒకే ప్రశ్న పంపండి: "నా సెటిల్‌మెంట్ ఆగితే ఎవరితో మాట్లాడాలి, ఎన్ని గంటల్లో కారణం చెబుతారు?" రిస్క్ విభాగానికి వ్యాపారులు నేరుగా చేరే దారి ఉందో లేదో ఆ జవాబులో తేలిపోతుంది.

(సభలోంచి: ఇద్దరు ప్రొవైడర్లను పెట్టుకోవచ్చా?)

పెట్టుకోవాలి. పది శాతం అమ్మకాన్ని రెండోవాడి మీద నడుపుతూ ఉండండి. ఖాళీగా వదిలేసిన ఖాతా మీద హఠాత్తుగా మొత్తం అమ్మకం పడితే అక్కడా సమీక్షే. అయితే మొదటివాడి అగ్రిమెంటులో ప్రత్యేకంగా వాళ్లతోనే చేయాలన్న క్లాజు లేదని చూసుకోండి.

(సభలోంచి: నెలవారీ చందాలు తీసుకుంటామండీ. ప్రొవైడర్‌ని మారిస్తే కస్టమర్లందరి కార్డులూ మళ్లీ అడగాలా?)

అగ్రిమెంటు మీద ఆధారపడుతుంది. కార్డు నంబర్లు మీ దగ్గర ఉండవు, ప్రొవైడర్ దగ్గర టోకెన్లుగా, అంటే నంబరుకు బదులు వాడే సంకేతాలుగా, ఉంటాయి. మీరు వెళ్లిపోయేటప్పుడు ఆ కార్డు డేటాను పీసీఐ ధ్రువీకరణ ఉన్న కొత్త ప్రొవైడర్‌కి నేరుగా బదిలీ చేస్తారని ముందే రాయించుకోవాలి, ఎన్ని రోజుల్లో, ఎంత ఫీజుకో కూడా. మారేటప్పుడు క్రమం ఇలా ఉండాలి: కొత్త ఖాతాలో నిజమైన అమ్మకాలు రెండు వారాలు నడిపి సెటిల్‌మెంట్ సరిగ్గా పడుతోందని చూడండి. తర్వాత టోకెన్లు బదిలీ చేయించండి. ఆ తర్వాతే పాతవాడికి లేఖ ఇవ్వండి. పాత ఖాతాకు జోడించిన బ్యాంకు ఖాతాను మాత్రం కనీసం ఆరు నెలలు మూయకండి. ఆలస్యంగా వచ్చే చార్జ్‌బ్యాక్‌లు అందులోంచే పోతాయి, మీ రిజర్వ్ తిరిగి పడేదీ అందులోనే.